నీళ్ళకు మైల

2017 జనవరి 18, బుధవారం

ఓడ ఎక్కాలట. కూతురు స్వప్న మూడు రోజులుగా అదే మాట. మూడు రాత్రులు నీళ్ళ మీద, అన్నీ వాళ్ళే వండిపెడతారు, నువ్వు ఊరికే కూర్చో అంటుంది. నీళ్ళ మీద కూర్చోవాలట. నేను.

నా కొడుకు నరేశ్ చేపలు పట్టడానికని ఆ నీళ్ళ దగ్గరికి పోయి పదకొండు నెలలు దాటింది. ఇంకా రాలేదు.

ఈ నోటు పుస్తకం వాడిదే. మొదటి నాలుగు పేజీల్లో వాడి చేతిరాత, అన్నీ అంకెలు. ఐదో పేజీ నుంచి నేను రాస్తున్నాను. ఐదో తరగతి చదువు నాది. గీత మీద మొదలుపెడితే గీత కిందికి జారిపోతుంది. జారనీ. ఎవరు చూస్తారు.

జనవరి 19, గురువారం

పొద్దున వాడి నంబరుకు చేశాను. మళ్ళీ అదే ఆడమనిషి గొంతు. ఇంగ్లీషులో ఏదో చెప్పి పెట్టేస్తుంది. రోజూ విని విని ఆమె నాకు చుట్టం లెక్క అయింది.

జనవరి 20, శుక్రవారం

స్వప్న, అల్లుడు మహేందర్ వంటింట్లో గుసగుసలు. నేను పోతే ఆపేశారు. కుళాయి తిప్పినట్టు.

జనవరి 22, ఆదివారం

ఆదివారం గనక నరేశ్ ప్లేటు పెట్టాను. కేరికేరి ఊళ్ళో నారింజ తోట పనికి పోయినప్పటి నుంచీ నెలకో ఆదివారం ఇక్కడికి, పాపటోయిటోయిలో మా ఇంటికి, వచ్చేవాడు, చెప్పకుండా. తలుపు తీసేసరికి షూస్ విప్పుతూ ఉండేవాడు. ఏ ఆదివారమో తెలియదు కనుక ప్రతి ఆదివారం పెడతాను. అన్నం, పప్పు, పక్కన మామిడికాయ ముక్క.

"అమ్మా, తియ్యే. పాప అడుగుతున్నది, మామ ఎప్పుడొస్తడని. నేనేం చెప్పాలె?" అన్నది స్వప్న.

"వస్తడని చెప్పు."

ప్లేటు అట్లాగే వదిలి లోపలికి పోయింది. కూతురు మాట్లాడకపోతేనే నాకు భయం. అరిస్తే నయం.

పోయినేడు గుడి పంతులు గారు ఇంటికి వచ్చి చెప్పాడు. శరీరం దొరకకున్నా చేయవలసింది చేయాలి, ఏడాది నిండకముందే చేయాలి, వాడు పోయిన నీళ్ళలోనే పిండం వదలాలి, తండ్రి లేడు కనుక బావ చేయవచ్చు అని. నేను లేచి లోపలికి పోయాను. చూడని శవానికి దినం ఏంది. పిండం పెట్టిన రోజు నా కొడుకు చచ్చిపోతాడు. పెట్టనంతవరకు చావడు. ఇది ఎవరికీ అర్థం కాదు, అందుకే ఎవరికీ చెప్పను. ఇక్కడ రాస్తున్నా.

ఫిబ్రవరి రెండో ఆదివారానికి ఏడాది.

సాయంత్రం బట్టలు సర్దారు. ఒక చిన్న నీలం సంచి స్వప్న పక్కన పెట్టుకున్నది. నా స్వెట్టర్ అందులో పెడతానంటే లాక్కున్నది. "అందులో పాప మందులున్నయ్" అన్నది. పాపకు ఏ జబ్బూ లేదు.

జనవరి 23, సోమవారం

ఎక్కాము. ఓడ కాదు ఇది, కరీంనగర్ బస్టాండు పక్కన కట్టిన పెద్ద హాస్పిటల్ అంత ఉంది. లోపల కార్పెట్. నడుస్తుంటే కాళ్ళ కింద ఏదో గురగుర... ఆగదు. పడుకున్నా మెత్తలోంచి వినబడుతుంది.

ఎక్కగానే అందరినీ ఒకచోట నిలబెట్టి, ఓడ మునిగితే ఎట్లా చేయాలో చూపించారు. నారింజ రంగు జాకెట్లు. పాప అన్వి నవ్వుతూ వేసుకున్నది. నరేశ్ దగ్గర ఇట్లాంటిది లేదని ఆ రోజు పోలీసు అన్న మాట గుర్తొచ్చింది. వాళ్ళు ఇద్దరు వచ్చారు. మా చెప్పులు చూసి వాళ్ళూ గుమ్మం దగ్గర బూట్లు విప్పారు. బూట్లు విప్పినప్పుడే నాకు తెలిసింది. ఏం తెలిసిందో ఇప్పుడు రాయను.

జనవరి 24, మంగళవారం

ఏదో ఊరి దగ్గర ఆగింది. వాళ్ళు దిగారు. నేను దిగలేదు.

అల్లుడు పొద్దున నా దగ్గర కూర్చుని ఈ పుస్తకం చూశాడు. నా పేజీలు కాదు, మొదటి నాలుగు. "ఇవి నీళ్ళు ఎక్కే టైమ్, దిగే టైమ్ అత్తమ్మా. చేపలు పట్టేవాళ్ళు రాసుకుంటరు" అన్నాడు. చివరి పేజీలో చివరి వరుస మీద వేలు పెట్టి, తీసేశాడు. నేను ఆ వరుస మళ్ళీ చూశాను. ఆరు అంకె దగ్గర నరేశ్ పెన్ను ఒత్తి రాశాడు. పొద్దున ఆరా, సాయంత్రం ఆరా. అడగలేదు.

రాత్రి భోజనాల దగ్గర అన్వి కాగితం చదువుతోంది, రేపు ఎక్కడ ఆగుతామో. ఇంగ్లీషు పిల్ల, తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడదు. "టుమారో పాయిహియా, అమ్మమ్మా" అన్నది.

చెంచా పక్కన పెట్టాను.

ఆ పేరు నాకు తెలుసు. బూట్లు విప్పి వచ్చిన వాళ్ళు మా హాల్లో కూర్చుని రెండుసార్లు అన్న పేరు.

"ఏందే ఇది?" అని స్వప్నను అడిగాను. "ఓడ యాడికి పోతే మనం గూడ ఆడికే గదమ్మా" అన్నది. నా మొహం చూడలేదు. అల్లుడు పెరుగన్నంలో వేలు పెట్టి తిప్పుతున్నాడు. తినడం లేదు.

జనవరి 25, బుధవారం, పొద్దున

ఓడ నడి నీళ్ళలో నిలబడింది. గురగుర ఆగింది. అది ఆగితే నిద్ర పడుతుందనుకున్నాను. ఇంకా భయమేసింది.

అద్దంలోంచి కొండలు. పచ్చగా, దగ్గర దగ్గరగా. నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు. ఇంత కదలకుండా ఉన్న నీళ్ళు ఒక మనిషిని తీసుకుపోతాయా?

నేను చూసినవి రాస్తున్నా, మరిచిపోకుండా. అల్లుడు లేచి తలకు స్నానం చేశాడు. గడ్డం గీయలేదు. కాఫీ తాగలేదు. ఏమీ తినలేదు. స్వప్న టిఫిన్ల దగ్గర తెల్లన్నం మాత్రం పెట్టించుకున్నది. కూర లేదు. పొద్దున పూట. ఒక్క ముద్ద తినలేదు. మూడు కాగితపు రుమాళ్ళలో చుట్టి నీలం సంచిలో పెట్టింది.

"పాపకు" అన్నది, నేను చూస్తున్నానని.

పాప కూర లేనిదే అన్నం ముట్టదు.

చిన్న పడవల్లో ఒడ్డుకు తీసుకుపోతారట. పిలుస్తున్నారు...

మధ్యాహ్నం, ఒడ్డు మీద, బల్ల మీద కూర్చుని

పడవ దిగాము. చెక్క వంతెన లాంటిది, దాని చివర ఒక టెంటు, పసుపు రంగు డబ్బా, ఒక కుక్క. చిన్న కుక్క, చెవులు వేలాడుతున్నాయి. అన్వి "సో క్యూట్" అంటూ ఉంది. కుక్క అందరి సంచులూ వాసన చూసుకుంటూ వచ్చి స్వప్న ముందు కూర్చుంది. అంతే. మొరగలేదు. కూర్చుంది.

ఓడలోంచి తినేవి, గింజలు, ఆకులు ఒడ్డుకు తేకూడదట. ఈ దేశం తోటలకు చీడ పడుతుందని. పద్నాలుగేళ్ళ నుంచి ఇక్కడుంటున్న నా కూతురికి తెలియదా? తెలుసు. ఎయిర్‌పోర్టులో మా చుట్టాల పచ్చళ్ళు పారేసినప్పుడు తనే నాకు చెప్పింది. ఇది ఊళ్ళోంచి ఊళ్ళోకి రావడమే కదా, ఎవరు చూస్తారు అనుకున్నదట.

ఆఫీసరమ్మ చిన్నపిల్ల. చేతికి తొడుగు వేసుకుని సంచి విప్పింది. ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. అన్నం మూట. గడ్డి కట్ట, దర్భ. మడిచిన తెల్ల పంచె. చివరికి ఒక ప్లాస్టిక్ పొట్లం.

నల్ల నువ్వులు.

అల్లుడు ఇంగ్లీషులో చెబుతున్నాడు, మెల్లగా, చేతులు కట్టుకుని. ఆ పిల్ల మొహం మారిపోయింది. సారీ అన్నది, మళ్ళీ సారీ అన్నది. పంచె మడత చెదరకుండా తిరిగి ఇచ్చింది. మిగతావి ఇవ్వలేనని తల ఊపింది. అన్నం మూట పసుపు డబ్బాలో వేసింది. లోపల అడుగుకు తగిలిన చప్పుడు వినబడింది. తడి చప్పుడు.

"ఎవరికే అది?" అన్నాను.

"అమ్మా..."

"ఎవరికి తెచ్చినవే?"

"నాకు ఎంతమంది తమ్ముళ్ళున్నరమ్మా" అన్నది స్వప్న.

బల్ల మీద కూర్చోబెట్టారు. నీళ్ళ బాటిల్ ఇచ్చారు. అల్లుడు నా ముందు నేల మీద కూర్చున్నాడు. "తప్పయింది అత్తమ్మా. చెప్తే మీరు రారని చెప్పలే. మీరు దూరంగ కూసుంటే నేనే చేసొద్దామనుకున్న."

నా కొడుకును నాకు చెప్పకుండా చంపుదామనుకున్నారు. అదే మాట అన్నాను. అనకూడదు. అన్నాను.

స్వప్న అప్పుడు అరిచింది. జనం చూస్తున్నారని కూడా లేదు. "పదకొండు నెలల సంది ప్లేటు పెడ్తున్నవ్. ఆ ప్లేటు ఎవరు తింటున్నరు? నేను చెత్తల పోస్తున్న. వాడు పోయిండు. పోయినోనికి పెట్టాల్సింది పెట్టకుండ, రానోనికి పెడ్తున్నవ్. వాడు ఆకలితో తిరుగుతున్నడేమో అని ఒక్కనాడన్న అనుకున్నవా?"

ఈ మాట రాయడానికి చాలాసేపు పట్టింది.

ఆకలి. వాడు ఆకలికి ఆగేవాడు కాదు. స్కూలు నుంచి వచ్చి సంచి భుజాన ఉండగానే గిన్నెల మూతలు తీసేవాడు.

"వాడు చేపలు పట్టిన ఆ బండ యాడున్నదో నాకు చూపియ్యి" అన్నాను.

సాయంత్రం, మళ్ళీ ఓడలో

అంతా వరసగా రాస్తాను.

వ్యాన్లో పోయాము, ఇరవై నిమిషాలు. దారంతా చెట్లు, ఎర్ర పూలు రాలి రోడ్డు మీద పొడిలా ఉన్నాయి. వ్యాను దిగిన చోట నుంచి కాలిబాట. బాట మొదట్లో తాడు కట్టి ఉంది. కాగితం మీద ఏదో రాసి తగిలించారు. తాడు పక్కన మడత కుర్చీలో ఒక పెద్దావిడ, మావోరీ మనిషి, ఈ నేల మీద అందరికంటే ముందు నుంచీ ఉన్నవాళ్ళు. నల్ల గౌను, నల్ల స్వెట్టర్, ఒళ్ళో ఫ్లాస్కు. నా వయసే ఉంటుంది.

నల్లబట్టలు చూడగానే నా కాళ్ళు ఆగిపోయాయి.

స్వప్న మాట్లాడి నాకు చెప్పింది. మొన్న ఆదివారం వాళ్ళ మనిషి ఒకరు ఇక్కడే నీళ్ళలో పోయాడట. ఇంకా దొరకలేదట. అందుకని ఈ కొండ నుంచి ఆ కొండ దాకా నీళ్ళు మూసేశారట. ఎవరూ దిగకూడదు, చేప పట్టకూడదు, గవ్వ ఏరకూడదు. రాహుయి అంటారట.

"మైల" అన్నాను.

"ఆఁ, గసొంటిదే."

"మనుషులకు గాదు, నీళ్ళకు మైల."

ఆ పెద్దావిడ నా మొహంలోకి చూస్తూ ఉంది. ఏం వచ్చారని అడిగింది. స్వప్న చెప్పింది. చెబుతుంటే ఆమె కుర్చీలోంచి లేచింది. ఏదో అన్నది. స్వప్న నోటి మీద చెయ్యి పెట్టుకున్నది, నాకు చెప్పడం లేదు.

"ఏమన్నదే?"

"తమ్ముడు గుర్తున్నడట. నారింజ తోటల పనిచేసే ఇండియన్ పిల్లగాడు గదా అన్నది. వాడు పోయినప్పుడు గూడ ఇట్లనే నీళ్ళు మూసిన్రట అమ్మా. వాడు వాళ్ళ మనిషి గాకున్నా."

"ఎన్ని రోజులు?"

స్వప్న అడిగింది. ఆమె రెండు చేతులూ ఎత్తి వేళ్ళు విప్పి చూపించింది. నాకు ఇంగ్లీషు అక్కర్లేకపోయింది.

పది.

పది రోజులు. ఈ ఊరి వాళ్ళు నా కొడుకు కోసం పది రోజులు చేప ముట్టలేదు. పిల్లలను నీళ్ళలోకి పంపలేదు. పదోనాడు తెల్లవారుజామున ఇక్కడికి వచ్చి, వాళ్ళ మంత్రాలు చదివి, వాడి పేరు చెప్పి మైల తీశారట. వాడి పేరు వాళ్ళకు సరిగా పలకడం కూడా రాదు. "నరెష్" అన్నది ఆమె. ఏడాది తర్వాత కూడా మరవలేదు.

ఆ పది రోజులూ నేనేం చేశాను. మంచం మీద కొత్త దుప్పటి పరిచాను. దీపం పెట్టనివ్వలేదు. పదోనాడు, బాగా గుర్తుంది, ఎవరో చెప్పి పంపినట్టు అనిపించి, ఇవ్వాళ వస్తాడని పాపటోయిటోయి అంగట్లో చేప తెప్పించి వాడికి ఇష్టమని పులుసు పెట్టాను. వాడు రాలేదు. పారేయలేక నేనే తిన్నాను.

ఆ చేప ఏ నీళ్ళదో అప్పుడు అడగలేదు.

ఇప్పుడు కూడా అడగను. కానీ నోట్లో ఆ రుచి వచ్చింది, వచ్చి పోవడం లేదు.

ఆమె తాడు ఎత్తి మమ్మల్ని పైదాకా పోనిచ్చింది. బండ మీదకు కాదు, పైనుంచి చూడమని. నీళ్ళలో ఏమీ వేయవద్దని చెప్పింది. వేయడానికి మా చేతుల్లో ఏమున్నది. అల్లుడి దగ్గర పంచె ఒక్కటే.

బండ పెద్దది కాదు. మా ఇంటి ముందు గచ్చు అంత. సగం తడి, సగం పొడి. తడికీ పొడికీ మధ్య గీత. నేను చూస్తుండగానే ఆ గీత కొంచెం పైకి జరిగింది. అల వచ్చినట్టు కూడా లేదు. ఒకసారి పొడిగా ఉన్న చోటు, ఇంకోసారి చూస్తే తడి. వాడు రాసుకున్న ఆ అంకెలన్నీ ఈ గీత గురించే.

దూరంగా ఒక పడవ అటూ ఇటూ, అటూ ఇటూ, దున్నినట్టు తిరుగుతోంది. వాళ్ళ మనిషి కోసం. ఎవరి కొడుకు అని అడిగాను. స్వప్న కింద కూర్చున్న ఆమె వైపు చూసింది. "ఆమె అక్క కొడుకట."

దిగి వచ్చేటప్పుడు ఆమె బాటిల్‌లో నీళ్ళు మా చేతుల మీద పోసింది, తల మీద చల్లుకోమన్నది. మేము చావు ఇంటి నుంచి వస్తే కాళ్ళు కడుక్కుంటాం, ఇదీ అంతే. తర్వాత నన్ను దగ్గరికి తీసుకుని నా నుదురుకు నుదురు, ముక్కుకు ముక్కు ఆనించింది. ఆమె ఊపిరి వెచ్చగా తగిలింది. ఏడవలేదు, ఆమె గానీ నేను గానీ.

వ్యాను ఎక్కబోతుంటే ఒక మాట అన్నది. స్వప్న వెంటనే చెప్పలేదు, సగం దారిలో చెప్పింది. "ఆ కొండ కొన దాటితే నీళ్ళకు మైల లేదని చెప్పింది. మీ ఓడ అటే పోతుంది అన్నది."

చివరి పడవకు అందుకున్నాం. పసుపు డబ్బాకు మూత వేసి తాడుతో కట్టేశారు. కుక్క నిద్రపోతోంది.

ఇంకా సాయంత్రమే

ఓడ కదిలింది. మళ్ళీ గురగుర.

నేనే పోయాను, భోజనాల దగ్గరికి. తెల్లన్నం ఒక్కటే పెట్టమన్నాను, వేలితో చూపించి. పక్కన కూర వడ్డించబోయాడు, వద్దన్నాను. దాచలేదు. ప్లేటు పట్టుకుని పైన డెక్కు మీదికి వచ్చాను. గాలి. అల్లుడు నన్ను చూశాడు, నా ప్లేటు చూశాడు, లోపలికి పోయాడు. తల తడుపుకుని పంచె కట్టుకుని వచ్చాడు. పొట్టి నిక్కర్ల దొరలు చూస్తున్నారు. చూడనీ. వణుకుతున్నాడు. పొద్దున నుంచి తిండి లేదు పాపం, నా కొడుకు కోసం.

నువ్వులు లేవు. దర్భ లేదు. మంత్రం చెప్పేవాడు లేడు. పంతులు గారికి ఫోను కలవడం లేదు.

"నువ్వు ఊ అంటేనే అమ్మా" అన్నది స్వప్న. ఒడ్డు మీద అరిచిన మనిషేనా.

ఊ అనలేదు. అన్నం పిడికిట్లోకి తీసుకున్నాను. వాడికి చిన్నప్పుడు కలిపి పెట్టిన ముద్ద అంత. అల్లుడి చేతిలో పెట్టాలి. పెడితే అతను నీళ్ళలో వేస్తాడు. మా ఊళ్ళో అయితే పిట్ట ముట్టాలి, ముట్టకపోతే పోయినవాడికి ఏదో కొరత ఉన్నట్టు. వాడి నాయన దినం అప్పుడు కాకి ఆలస్యం చేస్తే నరేశే చేతులు జోడించి పిలిచాడు, తొమ్మిదేళ్ళవాడు. ఇక్కడ కాకులు లేవు. ఈ దేశం వచ్చినప్పటి నుంచి ఒక్కటి చూడలేదు.

కొండ కొన కనబడుతోంది. దగ్గరికి వచ్చింది. దాని కింద ఆ పడవ, ఇంకా అటూ ఇటూ.

కుడిచేతిలో ముద్ద ఉంది కనుక ఎడమచేత్తో రాస్తున్నాను. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని. అక్షరాలు చిన్నపిల్లవి లాగా వస్తున్నాయి.

కొన దాటాము.

అల్లుడు దోసిలి పట్టాడు.

ఒక తెల్ల పిట్ట వచ్చి కమ్మీ మీద వాలింది. ఎర్ర కాళ్ళు. గాలికి ఒరుగుతోంది కానీ ఎగరడం లేదు. నా పిడికిలి వైపే చూస్తోంది. కాకి కాదు. కాకి కాదు కదా...

"అమ్మమ్మా, ఇట్స్ హంగ్రీ" అన్నది అన్వి.

అన్నం చల్లారిపోతోంది. చెయ్యి విప్పలేదు. పిట్ట కూడా పోవడం లేదు